పలకని కిటికీ

పోయిన వారం మనం ఆఫీసు గదిలో ఆగాం, తలుపు దడాలున మూసుకున్న చోట. ఆ తలుపు మూసింది బావ. అంతదాకా తెచ్చింది చిన్నది.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. చిన్నది అంటే చిన్నపిల్ల కాదు. ముప్ఫై దాటిన మనిషి, సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్న మనిషి. ఇంట్లో ఆఖరిది కాబట్టి ఆ పిలుపు అలాగే అతుక్కుపోయింది. బావ ఆమె అక్క మొగుడు. అక్క ఇప్పుడు లేదు. రక్తానికి వచ్చిన జబ్బు ఆమెను ఏడాది తిరక్కుండానే తీసుకుపోయింది. వెనక మిగిలింది పదకొండేళ్ల పాప, అక్క చేత్తో రాసిన ఒక ప్రోగ్రాం.

ఆ ప్రోగ్రాం పని గొంతుల్ని కత్తిరించి అతికించడం. రేడియోవాళ్లు, పుస్తకాలు పైకి చదివి రికార్డు చేసేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు దాన్ని వాడతారు. ఒకరిది విండోస్, ఒకరిది మాక్, ఇంకొకరిది లినక్స్. మూడింటి మీదా నడవడం వల్లే దానికి ఆ కాస్త పేరు వచ్చింది. అలా నడవాలంటే బటన్లూ మెనూలూ కిటికీలూ సమకూర్చిపెట్టే సరంజామా ఒకటి కావాలి. ఆ పనిలో ఉన్నవాళ్లు దాన్ని టూల్‌కిట్ అంటారు. అక్క వాడిన టూల్‌కిట్‌ను తయారుచేసినవాళ్లు ఈమధ్య చేతులెత్తేశారు. రాబోయే కొత్త కంప్యూటర్ల మీద అది తెరుచుకోను కూడా తెరుచుకోదని తేలిపోయింది. ఇల్లు మారక తప్పదు.

ఏ ఇంటికి అన్నదే గొడవ. చిన్నది వానాకాలమంతా కూర్చుని అదే ప్రోగ్రాంకు మూడు టూల్‌కిట్లలో మూడు నమూనాలు కట్టింది. వాటి అసలు పేర్లు పలకలేక బొమ్మలాయన మారుపేర్లు పెట్టాడు. ఐకాన్లూ రంగులూ చూసే మనిషి కాబట్టి ఆయన బొమ్మలాయన. ఆ ఆఫీసులో మూడో మనిషీ ఆయనే, ఆఖరి మనిషీ ఆయనే. మొదటి నమూనా పేరు అద్దిల్లు. బటను కావాలంటే కంప్యూటర్నే అడిగి, అది ఇచ్చిన బటన్నే వాడుకుంటుంది. ఒక్కో యజమాని దగ్గర ఒక్కో రకంగా కనిపిస్తుంది, గోడకు మేకు కొట్టాలన్నా ఆయన ఒప్పుకోవాలి. రెండోది సొంతిల్లు. ఎవరినీ ఏమీ అడగదు, ప్రతి బటన్నూ తనే రంగులు కలిపి గీసుకుంటుంది. ఎక్కడ చూసినా అదే ముఖం, అదే వేగం. మూడోది మూటాముల్లె. ఎక్కడికి వెళ్లినా ఒక బ్రౌజర్‌ను మొత్తంగా నెత్తిన పెట్టుకుని వెళుతుంది. రాయడం సులువే గానీ, పాత కంప్యూటర్ మీద అది తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు.

చిన్నది సొంతిల్లే అంది. బొమ్మలాయనా అదే అన్నాడు. బావ మాత్రం వద్దన్నాడు. ఎందుకు వద్దో చెప్పలేదు. గుచ్చి గుచ్చి అడిగినా చెప్పకపోయేసరికి చిన్నది నోరు జారింది. అక్క రాసిందని ఆ పాత కోడ్‌కు సమాధి కాపలా కాస్తున్నావు, మమ్మల్ని కూడా అందులోనే పాతిపెట్టేలా ఉన్నావు అంది. బావ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. టేబులు అంచు తొడకు కొట్టుకుంది. గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్లాడు. ఆ తర్వాత తలుపు చప్పుడే.

మర్నాడు ఆయన ఆఫీసుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మొదట్లో చిన్నదానికి కోపమే ఎక్కువ. తప్పు తనదే అని లోపల తెలిసినప్పుడు వచ్చే కోపం కాబట్టి అది తొందరగా దిగలేదు. దిగాక కీబోర్డు ముందు కూర్చుంటే వేళ్లు కదల్లేదు. ఇంతలో, వాళ్ల ప్రోగ్రాంను వాడేవాళ్లందరిలోకీ పెద్దదైన రేడియో సంస్థ నుంచి ఫోను వచ్చింది. అక్కడి ఇంజనీరు సొంతిల్లు చూసి మనసు పారేసుకున్నాడు. గొంతును గీసి చూపించే అలలు తెర మీద పట్టులా జారిపోతున్నాయట. ఈ వారంలోగా అవునో కాదో చెప్పమన్నాడు, కాదంటే ఇంకో ప్రోగ్రాం చూసుకోక తప్పదన్నాడు. మర్యాదగానే అన్నాడు. అంత మర్యాదగా అన్నందుకే చిన్నదానికి భయం వేసింది.

ఫోను పెట్టేశాక బొమ్మలాయన కళ్లజోడు తుడుచుకుంటూ, "మీరే వెళ్లండి మేడం. నేను వెళ్తే సార్ టీ ఇచ్చి, పిల్లలెలా ఉన్నారని అడిగి పంపించేస్తారు" అన్నాడు.

అలా ఆమె ఆ సాయంత్రం బావ ఇంటికి బయలుదేరింది. క్షమించమని అడగాలని ఒక మనసు, ఇవాళ తాడో పేడో తేల్చుకోవాలని ఇంకో మనసు. ముసురు పట్టిన వాన తెరిపిచ్చింది గానీ ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. తాళాలు బాగుచేసే దుకాణం మీద వాటా బావ ఇల్లు. దుకాణాయన తల ఎత్తకుండానే ఆకురాయితో తాళంచెవి అరగదీస్తున్నాడు. ఆయన పక్కనుంచి రెండు గోడల మధ్య ఇరుగ్గా పైకి వెళ్లే మెట్లు ఎక్కింది.

పైకి వెళ్లేసరికి లోపలినుంచి ఎవరిదో గొంతు వినిపించింది.

ఆడగొంతు. మాటల్ని ఒకదాని వీపు మీద ఒకటి తోస్తూ, ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. చుట్టం ఎవరైనా వచ్చారేమో అనుకుని చిన్నది గడప దగ్గరే ఆగింది. చెవి పెట్టి వింటే మాటలు తెలిసినవే. "ఫైలు, మెనూ. కొత్తది. తెరువు. రికార్డు, బటను. ఆపు, బటను. కత్తిరించు, బటను." అవి తన నమూనాలోని మాటలు. అద్దిల్లులోవి.

బావ తనకు చెప్పకుండా ఇంకో ప్రోగ్రామర్‌ను కూర్చోబెట్టి తన పనిని బేరీజు వేయిస్తున్నాడని ఆమెకు తోచింది. ఒళ్లు మండిపోయింది. అయితే చేసేదేదో ఎదురుగానే చెయ్యమని అడుగుదామని, దగ్గరగా వేసి ఉన్న తలుపు నెట్టుకుని లోపలికి అడుగుపెట్టింది.

లోపల బావ ఒక్కడే ఉన్నాడు. కిటికీ పక్కన కంప్యూటర్ ముందు కూర్చుని, తల కాస్త వంచి, రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి ఉన్నాడు. ఎదురుగా తెర నల్లగా ఉంది. తెర ఆపేసి ఉంది.

చిన్నదానికి వెంటనే అర్థం కాలేదు. ఆరిపోయిన తెర ముందు మనిషి కూర్చుని మీటలు నొక్కుతుంటే, నొక్కినప్పుడల్లా ఆ గొంతు పలుకుతోంది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే గొంతు అది. ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. చూపు లేనివాళ్ల కోసం పెట్టింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అలాంటిదొకటి ఉందని తెలియడం వేరు, తెలిసిన మనిషి దాన్ని పెట్టుకుని వింటుంటే చూడడం వేరు. తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

బావ అద్దిల్లు మూసి సొంతిల్లు తెరిచాడు.

"కిటికీ" అంది గొంతు.

ఆయన ఒక మీట నొక్కాడు. తర్వాతి బటను పేరు చెప్పాలి. గొంతు పలకలేదు. మళ్లీ నొక్కాడు. పలకలేదు. పై మీట నొక్కాడు, కింది మీట నొక్కాడు. రెండు మీటలు కలిపి నొక్కాడు. చివరికి గొంతు మళ్లీ "కిటికీ" అని ఊరుకుంది. ఆయన విసుక్కోలేదు. లోపల మనుషులున్నారని తెలిసిన ఇంటి తలుపు తట్టినట్టు, ఆగి ఆగి ఒక్కో మీటే నొక్కుతూ పోయాడు.

ఆ కిటికీ నిండా చిన్నది పెట్టిన బటన్లున్నాయి. ఒక్కోదానికి నీడ ఎంత ఉండాలి, అంచు ఎంత గుండ్రంగా ఉండాలి అని బొమ్మలాయనతో పోట్లాడి మరీ పెట్టింది. ఒక్కటీ నోరు విప్పలేదు. ఎందుకు విప్పవో ఆమెకు తెలుసు. అద్దిల్లులో బటన్లు కంప్యూటర్ ఇచ్చినవి కాబట్టి వాటి పేరూ ఊరూ కంప్యూటర్‌కు తెలుసు, అడిగితే గొంతుకు చెబుతుంది. సొంతిల్లులో బటన్లు ఈ టూల్‌కిట్ గీసుకున్న రంగులు మాత్రమే. గోడ మీద తలుపు బొమ్మ గీస్తే చూసేవాళ్లకు అది తలుపులాగే ఉంటుంది, తడుముకుంటూ వచ్చేవాళ్లకు గోడే తగులుతుంది. టూల్‌కిట్ల గురించి చదివిన ప్రతి చోటా ఈ సంగతి ఉంది. తను తయారుచేసిన పోలికల పట్టికలో కూడా ఆఖరి వరసలో పెట్టి, "ప్రస్తుతానికి అవసరం లేదు" అని రాసుకుంది.

బావ మూటాముల్లె తెరిచాడు. అది తెరుచుకునేదాకా ఓపిగ్గా వేళ్లతో బల్ల మీద దరువు వేశాడు. "బటను" అంది గొంతు. "బటను. బటను. బటను." నోరైతే ఉంది గానీ దానికి పేర్లు లేవు. పేర్లు పెట్టాల్సింది రాసేవాళ్లే.

"పేరైనా పెట్టలేదే, పిచ్చిపిల్ల" అన్నాడు బావ తనలో తను. అంతలోనే చిన్నగా నవ్వాడు.

ఆ నవ్వు వినగానే చిన్నది నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏదో చప్పుడు చేసి ఉంటుంది. బావ ఉలిక్కిపడి తలుపువైపు తిరిగాడు.

"పాపా? అప్పుడే వచ్చేశావా?"

చిన్నది నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. గదిలో ట్యూబులైటు వెలుగుతోంది. ఆయన ముఖం మాత్రం ఆమె పక్కనున్న ఖాళీ తలుపు వైపే ఉంది.

"ఎవరు?" అన్నాడు ఆయన, ఈసారి గొంతు మార్చి.

"నేనే బావా."

ఆయన చెయ్యి గబుక్కున తెర మీట దగ్గరికి వెళ్లింది. తెర వెలిగింది. వేసుకోవడం మర్చిపోయాను అన్నాడు. కూర్చో, టీ పెడతాను అన్నాడు. లేవబోయి, ఆమె ఎటు నిలబడిందో తేల్చుకోలేక మళ్లీ కూర్చున్నాడు. ఆ గదిని చిన్నది అప్పుడు కొత్తగా చూసింది. కుర్చీలన్నీ గోడల వెంట ఉన్నాయి. నేల మీద ఒక్క వస్తువు లేదు. గ్లాసులు అలమరలో ఒకే వరసలో ఉన్నాయి. అక్క పోయాక ఈయనకు శుభ్రం ఎక్కువైందని ఇన్నాళ్లూ పదిమంది దగ్గర వేళాకోళం చేసింది.

ఆమె కుర్చీ ఒకటి లాక్కుని, ఆయనకు సరిగ్గా ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"ఎప్పటినుంచి?"

"ఏది?"

"బావా."

ఆయన ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పుకొచ్చాడు. మొదట సాయంత్రాలు పోయాయి. సినిమా హాల్లో దీపాలు ఆర్పాక సీటు దొరికేది కాదు, అందరికీ అంతే అనుకున్నాడు. ఆ తర్వాత పక్కలు మూసుకుంటూ వచ్చాయి. కాగితాన్ని గొట్టంలా చుట్టి అందులోంచి చూస్తే ఎలా ఉంటుందో లోకం అలా అయింది. గొట్టం నానాటికీ సన్నమవుతోంది. ఎదురుగా ఉన్నది మాత్రం ఇన్నాళ్లూ బాగానే కనిపించేది, దానితోనే నెట్టుకొచ్చాడు. ఈ వానాకాలంలో అదీ మసకబారింది. అక్షరాలు ఎంత పెద్దవి చేసుకున్నా అలుక్కుపోతున్నాయి. కళ్ల డాక్టరు దాచకుండా చెప్పేశాడు. దీనికి మందు లేదు, ఉన్నన్నాళ్లు ఉంటుంది.

నడుం నొప్పని స్కూటర్ అమ్మేయడం చిన్నదానికి గుర్తొచ్చింది. పెళ్లిలో ఎదురుగా వచ్చి పలకరిస్తే పట్టించుకోకుండా వెళ్లిపోయాడని చుట్టాలు నొచ్చుకోవడం గుర్తొచ్చింది. వాళ్లతో కలిసి తను కూడా, భార్య పోయాక మనిషికి పొగరు పెరిగిందేమోనని అనుకుంది.

"మరి ఆ రోజు..." అంది.

"ఆ రోజు నాకు కోపం రాలేదని అనను. వచ్చింది. కానీ కుర్చీ కోపంతో పడెయ్యలేదు. టేబులూ కావాలని గుద్దుకోలేదు." చేత్తో తొడ తడుముకున్నాడు. "తలుపు కూడా అంతే. పిడి కోసం తడుముకుంటుంటే గాలికి పడింది."

చిన్నది రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ఆయన ఏడవకు అనలేదు. ఆమె ఏడుస్తోందో లేదో ఆయనకు తెలియకపోవచ్చని ఆమెకు ఆ క్షణంలోనే తట్టింది. దాంతో ఏడుపు చప్పుడు బయటికి రానీకుండా బిగపట్టుకుంది.

ఎందుకు చెప్పలేదని అడిగింది. ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పాడు మాట అనేదాన్ని కాదు కదా అంది.

"చెబితే ఏమవుతుందో నాకు తెలుసు" అన్నాడు బావ. "మీరు మంచివాళ్లు. నా చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. కూర్చోబెడతారు. సార్, మీరు రెస్టు తీసుకోండి అంటాడు బొమ్మలాయన. అలా ఒక్కో పనీ నా చేతుల్లోంచి తీసేసుకుంటారు, ప్రేమగానే. ఇంట్లో ఆవిడ పోయాక నాకు ఆ పని తప్ప ఏం మిగిలిందమ్మా?"

అక్కకు తెలుసా అని అడిగింది చిన్నది.

తెలుసన్నాడు. తెలిసిన మర్నాటి నుంచి అక్క ఆఫీసులో అందరూ వెళ్లాక కూర్చుని, పాత ప్రోగ్రాంలో ప్రతి బటనుకూ, ప్రతి గడికీ, ప్రతి గీతకూ గొంతు చదివేలా పేరూ, అది ఏం చేస్తుందో ఒక వాక్యమూ పెట్టుకుంటూ పోయిందట. అలల్ని చెప్పించడానికి కూడా ఉపాయం కనిపెట్టింది. ఇక్కడ గొంతు పెరిగింది, ఇక్కడ నిశ్శబ్దం, ఇక్కడ ఊపిరి అని. జబ్బు ముదిరాక ఆసుపత్రి మంచం మీదికీ లాప్‌టాప్ తెప్పించుకుంది. ఎవరికీ తెలియకుండా చేసింది. నీ కళ్లు పోయినా నీ పని పోదు అని మాత్రం అందట.

చిన్నది తల ఎత్తలేకపోయింది. ఆ వాక్యాలు ఆమె చూసింది. నమూనాలు కట్టేటప్పుడు పాత కోడ్‌లో ప్రతి బటను కిందా తెర మీద ఎక్కడా కనిపించని వాక్యం ఒకటి ఉండేది. అక్కకు ఇంత చాదస్తం ఏమిటా అనుకుంటూ, ఒక్కొక్కటిగా కాదు, ఒక్క దెబ్బకు అన్నిటినీ ఎత్తి పారేసింది. అద్దిల్లులో మాటలు వినిపిస్తున్నాయంటే అది తను చేసిన మంచి కాదు. బటన్ల మీద ఉన్న అక్షరాలను కంప్యూటర్ తనంతట తను చదువుతోంది, అంతే. అక్క రాసిన వాక్యాలు మూడింటిలో ఎక్కడా లేవు.

ఆ సంగతి ఆయనతో చెప్పేసింది. చెప్పకుండా ఉండలేకపోయింది. తెలుసన్నాడు బావ. నమూనాలు మొదటిసారి తెరిచి విన్న రోజే తెలిసిందన్నాడు. పాతదాంట్లో ఉన్నాయి, తెచ్చుకోవచ్చులే అన్నాడు. ఆయన అంత తేలిగ్గా అన్నందుకు ఆమెకు ఇంకా బరువెక్కింది.

"అయితే ఇంకేం ఆలోచించక్కర్లేదు" అంది కళ్లు తుడుచుకుని. "అద్దిల్లుకే పోదాం. రేడియోవాళ్లకు నేను చెప్పుకుంటాను."

బావ తల అడ్డంగా ఊపాడు. ఇందుకే చెప్పలేదన్నాడు. జాలితో ఇల్లు మారితే ఆ ఇంట్లో కాపురం సాగదన్నాడు. అంతదాకా మెత్తగా మాట్లాడిన మనిషి, పని సంగతి వచ్చేసరికి పాత బావ అయిపోయాడు. అద్దిల్లులో అలలు గీయమంటే తడబడుతుంది, నేను చూడకపోయినా నాకు తెలుసు అన్నాడు. మూడు రకాల కంప్యూటర్ల మీద మూడు రకాల పేచీలు పెడుతుంది, మనం ఉన్నది ముగ్గురం, అందులో ఒకడికి చూపు లేదు అన్నాడు. సొంతిల్లుకు మాటలు నేర్పుతామని దాన్ని చేసేవాళ్లు రెండేళ్లుగా చెబుతూనే ఉన్నారు, ఆ మాట నమ్మి కూర్చుంటే మునుగుతాం అన్నాడు. రేడియోవాళ్లు వెళ్లిపోతే బొమ్మలాయన పిల్లల్ని ఎవరు చూస్తారన్నాడు.

ఆమె ఊరుకోలేదు. చూపు లేకుండా ఈ పని చేసేది నువ్వొక్కడివే కాదు కదా అంది. ఆ మాటకు బావ మెత్తబడ్డాడు. నిజమే, చాలామంది ఉన్నారన్నాడు. గొంతులు కత్తిరించే పనికి చెవులు చాలు. మన ప్రోగ్రాం మాట్లాడుతుందని ఒకరి నోట ఒకరు విని వచ్చిన వాళ్లున్నారు. వాళ్లకు ఇంకో చోటు లేదు. ఆ రోజు మీటింగులో ఈ మాటే చెబుదామని నోటిదాకా వచ్చింది. నీకెలా తెలుసు అని అడుగుతారని మింగేశాడట.

"నువ్వు చెప్పకు, నేను చెబుతాను" అంది చిన్నది. "బొమ్మలాయనకు నేను చెబుతాను. అక్క వాక్యాలన్నీ వెనక్కి తెస్తాను. అలల సంగతి మనిద్దరం చూద్దాం. నువ్వు పక్కకు తప్పుకుంటానని మాత్రం అనకు."

"నా ఒక్కడి కోసమే అయితే నిజంగానే తప్పుకునేవాణ్ణి."

ఆ మాట ఎక్కడో తేడాగా వినిపించింది ఆమెకు. మరి ఎవరి కోసం అని అడిగింది. బావ బల్ల అంచు పట్టుకుని, ఇటు నుంచి అటు బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. కింద దుకాణంలో ఆకురాయి చప్పుడు ఆగిపోయింది. వాన మళ్లీ మొదలైంది.

"మా అమ్మ గుర్తుందా నీకు?" అన్నాడు చివరికి.

గుర్తుంది. అక్క పెళ్లి నాటికి చిన్నది బడిలో ఉంది. ఆవిడ ఎప్పుడూ ఒకే కుర్చీలో కూర్చుని, ఎవరు దగ్గరికి వచ్చినా ముందు చెయ్యి పట్టుకుని చూసేది. ముసలావిడ, కళ్లు ఆనవు అనుకునేవాళ్లు అందరూ.

"అప్పటికి మా అమ్మకు ముసలితనం ఎక్కడిది? ఇప్పటి నా వయసు కంటే నాలుగేళ్లు ఎక్కువ, అంతే."

చిన్నది ఏదో అడగబోయింది. ఆయనే చెప్పాడు. ఇది తల్లి నుంచి కొడుక్కి వచ్చింది. నీ పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు, రెండింటికీ సమానంగా అవకాశం ఉంది అన్నాడట డాక్టరు. పాపను తీసుకురమ్మన్నాడు, చిన్న పరీక్షతో తెలిసిపోతుందన్నాడు. వెళ్లినప్పుడల్లా అదే అడుగుతున్నాడు. బావ వచ్చే నెల తెస్తానంటూ వస్తున్నాడు. చివరికి ఆ డాక్టరు దగ్గరికి వెళ్లడమే మానేశాడు.

"ఎందుకు బావా?"

"తెలియనంతకాలం అది లేనట్టే కదా" అన్నాడు. చిన్నపిల్లాడు అన్నట్టు అన్నాడు.

"అక్కకు?"

"ఆ ఒక్కటీ చెప్పలేదు. నా కళ్ల సంగతి చెప్పాను గానీ, అది ఎలా వస్తుందో చెప్పలేదు. పాపకు ఏ లోటూ ఉండదని, నేను చూసుకుంటానని అనుకుంటూనే పోయింది."

చిన్నది లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వచ్చింది. పాపను రేపే నేను తీసుకువెళతాను, నువ్వు వచ్చినా రాకపోయినా తీసుకువెళతాను అంది. బావ కాదనలేదు. సరేనన్నట్టు తల వంచాడు. ఆ వంచిన తల ఎత్తకుండానే, పాపకు ముందే ఏమీ చెప్పొద్దని మాత్రం అడిగాడు.

అంతలో కింద వీధి తలుపు తెరుచుకున్న చప్పుడు, బడిసంచీ గోడకు రాసుకున్న చప్పుడు వినిపించాయి.

"వచ్చింది" అన్నాడు బావ. ఎవరి అడుగులో ఆయన చెవులకు ఎప్పుడో తెలుసు. "మెట్ల మీద లైటు వెయ్యమ్మా, ఈ మబ్బుకు చీకటిగా ఉంటుంది."

చిన్నది ముఖం కొంగుతో గట్టిగా తుడుచుకుని, ముఖాన నవ్వు తెచ్చుకుని మెట్ల దగ్గరికి వెళ్లి స్విచ్చు వేసింది. బల్బు వెలిగింది. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా అన్నీ కనిపిస్తున్నాయి. గోడ మీద పెచ్చులూడిన మరకలు కూడా కనిపిస్తున్నాయి. కింద, మొదటి మెట్టు దగ్గర పాప తల పైకెత్తి నిలబడి ఉంది. జుట్టు మీద వాన చుక్కలు మెరుస్తున్నాయి.

"రావే, నేనొచ్చాను" అంది చిన్నది.

పాప ముఖం విప్పారింది. ఒక పాదం ముందుకు పెట్టి, మెట్టు అంచు కోసం గాలిలో వెతికి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"పిన్నీ, ముందు లైటు వెయ్యవా. ఏమీ కనపడట్లేదు" అంది.

చిన్నది వెనక్కి తిరిగి గదిలోకి చూసింది. బావ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఆగిపోయి ఉన్నాడు. స్విచ్చు చప్పుడు ఆయనా విన్నాడు.